కనుబొమల మీద గరుకు పొక్కులు: గిల్లకండి, మెత్తబరచండి

అందరికీ నమస్కారం. బ్యూటీ పార్లర్లు నడిపేవాళ్లతో మాట్లాడమని పిలిచినప్పుడు కనుబొమల గురించే మాట్లాడతానని నేనే అడిగాను, ఎందుకంటే ఒక మనిషి కనుబొమను మీరు చూసినంత దగ్గరగా ఇంట్లోవాళ్లు కూడా చూడరు. చర్మ డాక్టర్ దగ్గరికి రాకముందే వాళ్లు మీ కుర్చీలో కూర్చుంటారు. "అక్కా, ఇక్కడ బ్లాక్‌హెడ్స్ ఉన్నాయి, తీసెయ్" అంటారు. మీరు వేలు పెట్టి చూస్తే ఉప్మారవ్వ చల్లినట్టు గరుగ్గా తగులుతుంది. దయచేసి అక్కడ ఆగండి.

అవి చాలాసార్లు బ్లాక్‌హెడ్స్ కావు. మన చర్మం పైపొరలో, గోళ్లలో, వెంట్రుకల్లో కెరాటిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. కొందరికి అది వెంట్రుక బయటికి వచ్చే రంధ్రం దగ్గర పేరుకుపోయి, గట్టిపడి మూసేస్తుంది, ఒక్కోసారి వెంట్రుక బయటికి రాలేక లోపలే చుట్టుకుపోతుంది. దీని పేరు కెరటోసిస్ పిలారిస్. జబ్బల వెనక, తొడల మీద చాలామందికి ఉంటుంది, టీనేజీలో మరీ ఎక్కువ. ఎక్కువగా వంశంలో వస్తుంది, పొడి చర్మం, ఎగ్జిమా ఉన్నవాళ్లకు తరచుగా కనిపిస్తుంది. అంటుకోదు. మురికి వల్ల రాదు, ఈ మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే "మొహం సరిగ్గా కడుక్కోవా" అని తిట్లు తిని, స్క్రబ్ పెట్టి రుద్ది రుద్ది చర్మం కమిలిపోయిన ఆడపిల్లల్ని చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

జబ్బల మీద ఉంటే పెద్ద నష్టం లేదు. కనుబొమల మీద వచ్చే ఒక రకం మాత్రం వేరు, దాన్ని ఉలెరిథీమా ఆఫ్రియోజెనెస్ అంటారు. అరుదైనదే, కానీ చిన్నతనంలోనే కనుబొమ బయటి చివర మొదలై, ఏళ్లు గడిచేకొద్దీ కుదుళ్లు మచ్చబడి వెంట్రుకలు పోతాయి, అలా పోయినవి తిరిగి రావు. పుస్తకాల్లో ఎర్రగా ఉంటుందని రాస్తారు గానీ మన చామనఛాయ చర్మం మీద ఆ ఎరుపు గోధుమరంగు మచ్చలాగే కనిపించవచ్చు. కొద్దిమంది పిల్లల్లో ఇది నూనన్ సిండ్రోమ్ లాంటి జన్యు సమస్యతో కలిసి ఉంటుంది, అందుకే పొట్టిగా ఉండి, గుండె సమస్య కూడా ఉన్న పిల్లలైతే పిల్లల డాక్టర్‌కి తప్పకుండా చూపించాలి.

ఇక వైద్యం. మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది తేమ. మొహం గోరువెచ్చని నీళ్లతో కడిగి, తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజర్ రాయాలి, రోజుకు రెండుసార్లు. నలుగుపిండి, వాల్‌నట్ స్క్రబ్ అక్కడికి వద్దు. పేరుకున్న కెరాటిన్‌ను మెత్తబరచడానికి యూరియా, లాక్టిక్ యాసిడ్, సాలిసిలిక్ యాసిడ్ ఉన్న క్రీములు ఉన్నాయి, అయితే కింద కన్ను ఉంది కాబట్టి తక్కువ శాతంవే, అదీ డాక్టర్‌ని అడిగి వాడాలి. పగిలిన మడమలకు తెచ్చిన 40 శాతం యూరియా క్రీమ్‌ను కనుబొమకు పూయకూడదు! కొందరికి డాక్టర్లు రాత్రిపూట రాయడానికి అడాపలీన్ అనే పూతమందు ఇస్తారు, చాలా కొంచెం, మొదట్లో వారానికి రెండు మూడు రోజులే, గర్భిణులకు మాత్రం వద్దు. అది వాడేవాళ్లకు మీరు వ్యాక్సింగ్ చేస్తే చర్మం లేచి వచ్చేయవచ్చు, కాబట్టి ముందే అడిగి తెలుసుకోండి. ఎరుపు తగ్గడానికి లేజర్ ఉంది, ఖర్చు ఎక్కువ, అందరికీ అక్కర్లేదు. ఏ మందైనా ఫలితం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది, మానేస్తే గరుకు మళ్లీ వస్తుంది. పూర్తిగా పోగొడతాం అని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే నమ్మకండి.

స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ల సంగతి వేరుగా చెప్పాలి. 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అడిగితే చేతిలో పెట్టే షాపులు ఉన్నాయి. కంటి దగ్గర నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, కంట్లో ప్రెషర్ పెరిగి, చూపును దెబ్బతీసే గ్లకోమా కూడా రావచ్చు. డాక్టర్ కొద్ది రోజులకు ఇచ్చింది వేరు, పక్కింటావిడ ఇచ్చింది వేరు.

థ్రెడింగ్ పూర్తిగా మానేయమనను. పొక్కులు ఎర్రబడినా, చీము పట్టినా అవి తగ్గేదాకా చేయకండి, మామూలప్పుడు కూడా దారాన్ని నోట్లో పట్టుకోకుండా మెడకు కట్టుకోండి, ఒకరికి వాడిన దారం ఇంకొకరికి వద్దు.

ఇలాగే కనిపించే వేరే సమస్యలూ ఉన్నాయి. జిడ్డుగా, పసుపు పొట్టు రాలుతూ తలలో చుండ్రు కూడా ఉంటే అది సెబోరిక్ డెర్మటైటిస్ కావచ్చు, దానికి కీటోకోనజోల్ లాంటి మందు వేరే ఉంది. పొక్కులేమీ లేకుండా కనుబొమ బయటి చివర పలచబడితే థైరాయిడ్ పరీక్ష చేయించుకోమనండి. కనుబొమలు రాలడంతో పాటు చెవి తమ్మెలు దళసరిగా ఉన్నా, ఒంటి మీద స్పర్శ తెలియని మచ్చ ఉన్నా కుష్ఠు అయి ఉండవచ్చు, దానికి ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. మీరు ఆ పేరు ఎత్తి భయపెట్టకండి, పక్క కస్టమర్ల ముందు అసలు మాట్లాడకండి. లేచి వెళ్లేటప్పుడు విడిగా పిలిచి "ఒకసారి స్కిన్ డాక్టర్‌కి చూపించమ్మా" అనండి, చాలు.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.