మెల్‌బోర్న్‌లో హోమ్‌స్టే: పెట్టిన డబ్బుకు తగ్గట్టు ఉందా? నా రివ్యూ

అందరికీ నమస్తే అండీ. మెల్‌బోర్న్‌కి చదువుకోవడానికి వస్తున్న మన పిల్లలు, ముఖ్యంగా వాళ్ల అమ్మానాన్నలు, హోమ్‌స్టే గురించి చాలా అడుగుతున్నారు. అంటే ఇక్కడి కుటుంబం ఇంట్లో ఒక గది తీసుకుని, వాళ్లతో పాటే తింటూ ఉండడం. నేను డీకిన్ యూనివర్సిటీ బర్‌వుడ్ క్యాంపస్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. మొదటి సెమిస్టర్ మొత్తం క్యాంపస్‌కి దగ్గర్లో, పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయిన ఒక దంపతుల ఇంట్లో ఉన్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి కొన్ని నెలలకి హోమ్‌స్టే చాలా మంచిది. కానీ వంటింటి సంగతి తేల్చుకోకుండా మాత్రం డబ్బు కట్టొద్దు.

వంటిల్లు అని ఎందుకంటున్నానంటే, ఇక్కడ ఎక్కువమంది తీసుకునేది హాఫ్ బోర్డ్. పొద్దున బ్రేక్‌ఫాస్ట్, రాత్రి డిన్నర్. బ్రేక్‌ఫాస్ట్ అంటే సీరియల్, పాలు, టోస్ట్. ఎవరిది వాళ్లే తీసుకుని తినాలి. డిన్నర్ సాయంత్రం ఆరున్నరకల్లా అయిపోతుంది. పాస్తా, అవెన్‌లో కాల్చిన చికెన్, ఉడికించిన కూరగాయలు, బంగాళాదుంపలు. వాళ్లు ప్రేమగానే పెడతారు, రుచిగానే ఉంటాయి. అయినా వారం తిరిగేసరికి నోరు చప్పబడిపోతుంది, పప్పన్నం మీదకి మనసు పోతుంది.

నేనున్న ఇంటి యజమానురాలు శనివారాలు వంటిల్లు నాకు వదిలేసేవారు. ఎండుమిర్చి పోపు వేసే ముందు కిటికీ తెరిచి, పొయ్యి మీది ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయమని మొదటి రోజే చూపించారు. ఇక్కడ ఇళ్లలో స్మోక్ అలారం తప్పనిసరి, మన పోపు ఘాటుకి అది మోగడం ఖాయం. అగరొత్తులు వెలిగించేటప్పుడూ అంతే, ముందు అడగండి. వాళ్లాయనైతే నా పప్పుచారు గిన్నెలో పోసుకుని సూప్‌లా తాగేవారు. నాకు ఆ శనివారాలే ఆ ఇంట్లో అన్నిటికన్నా ఇష్టం.

అదే నా క్లాస్‌మేట్ ఒకమ్మాయికి ఇల్లు కుదిర్చిన ఏజెన్సీ, కాగితాల్లో వంటిల్లు వాడుకోవచ్చని రాసింది. తీరా వెళ్తే మైక్రోవేవ్ ఒక్కటే వాడనిచ్చారు. స్టవ్ ముట్టుకోవద్దన్నారు. ఆ అమ్మాయి శాకాహారి, ఎంత ఇబ్బంది పడి ఉంటుందో ఆలోచించండి. అందుకే వచ్చే ముందే వీడియో కాల్‌లో హోస్ట్‌నే సూటిగా అడగండి: స్టవ్ వాడొచ్చా, కుక్కర్ పెట్టుకోవచ్చా, ఫ్రిజ్‌లో నాకో అర ఇస్తారా? ఇక ఇంటి నుంచి పచ్చళ్లు, పొడులు ఏవి తెచ్చినా ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు నింపే ప్యాసింజర్ కార్డులో తప్పకుండా రాయండి. రాయకపోతే జరిమానా గట్టిగా ఉంటుంది.

డబ్బు విషయానికొస్తే, ఇక్కడ అద్దె వారానికి లెక్క. రెండు పూటల తిండితో ఏజెన్సీలు ఈమధ్య అడిగేది వారానికి 300 డాలర్లు దాటుతోంది. ప్లేస్‌మెంట్ ఫీజు వేరే. కరెంటు, గ్యాస్, వైఫై మాత్రం అందులోనే వచ్చేస్తాయి. టార్నీట్, ట్రుగనినా వైపు మనవాళ్లతో కలిసి ఇల్లు షేర్ చేసుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది, నిజమే. కానీ అది నగరానికి పడమర. నా క్యాంపస్ తూర్పున. రోజూ నగరం ఈ చివరి నుంచి ఆ చివరికి ప్రయాణం, చదువుకునే టైమ్ అంతా రైళ్లలోనే పోతుంది. నేనున్న ఇంటి దగ్గర 75 నంబర్ ట్రామ్ ఎక్కితే నేరుగా క్యాంపస్. మీది మొనాష్ యూనివర్సిటీ క్లేటన్ క్యాంపస్ అయితే హంటింగ్‌డేల్ స్టేషన్ నుంచి 601 బస్సు చూసుకోండి. ఇల్లు వెతికే ముందు మ్యాప్‌లో ముందు క్యాంపస్ పెట్టండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. స్టూడెంట్ వీసా మీద క్లాసులు నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలు పనిచేయొచ్చు. మనకి దొరికేవి ఎక్కువగా సాయంత్రం షిఫ్టులే. షిఫ్ట్ అయ్యి పదింటికి ఇల్లు చేరితే, ఆరున్నర డిన్నర్‌కి కట్టిన డబ్బు వృథా. పార్ట్‌టైమ్ మొదలయ్యాక భోజనం లేకుండా గది మాత్రమే ఇస్తారేమో మాట్లాడుకోండి.

స్నానం విషయంలో చాలామంది మనసు కష్టపెట్టుకుంటారు. మా బాత్రూమ్‌లో నాలుగు నిమిషాల టైమర్ ఉండేది. అది పిసినారితనం అనుకోకండి. ఈ నగరం ఏళ్ల తరబడి తీవ్రమైన కరువు చూసింది. 2008లో మనిషికి రోజుకు 155 లీటర్లే వాడాలని ప్రభుత్వం లక్ష్యం పెట్టింది. ఆ అలవాటు వాళ్లలో ఉండిపోయింది. ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ కోసం ఎదురుచూసిన మనకి ఆ బాధ తెలియనిది కాదు కదా.

చలి గురించీ చెప్పాలి. జూన్, జులై, ఆగస్టు ఇక్కడ చలికాలం. రాత్రిళ్లు 6, 7 డిగ్రీలకు పడిపోతుంది, చాలా ఇళ్లలో పడుకునే ముందు హీటర్ ఆపేస్తారు. పరుపు మీద వేసే ఎలక్ట్రిక్ బ్లాంకెట్ ఉందేమో అడగండి. అలాగే గోడలు పల్చన, రాత్రి ఫోన్ మాట్లాడితే పక్క గదికి వినిపిస్తుంది. మన ఊళ్లో రాత్రి తొమ్మిదికి అమ్మ ఫోన్ చేస్తే చలికాలంలో ఇక్కడ ఒంటిగంటన్నర. మేము రాత్రి ఎనిమిదికి మాట్లాడుకునేవాళ్లం, అప్పుడు ఇంటి దగ్గర మధ్యాహ్నం మూడున్నర.

మరి ఇన్ని సర్దుబాట్లు ఎందుకంటే, నాకు జ్వరమొచ్చిన రోజు డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకుని, ఇన్సూరెన్స్ కార్డు గుర్తుచేసి, కారులో తీసుకెళ్లింది ఆ ఇంటి యజమానురాలే. రోజూ డిన్నర్ దగ్గర అరగంట కబుర్లు, కాలింగ్‌వుడ్ అనే ఇక్కడి ఫుట్‌బాల్ జట్టు మీద వాళ్లాయన పిచ్చి, వాటితోనే ఇక్కడివాళ్ల మాట తీరు నాకు పట్టుబడింది. క్లాసులో గ్రూప్ డిస్కషన్ అంటే టెన్షన్ పోయింది. మనవాళ్లతోనే ఉంటే నాకు ఇంత త్వరగా వచ్చేది కాదు.

మొదటిసారి ఇల్లు వదిలి ఒంటరిగా వస్తున్నవాళ్లకి, ఇక్కడ చుట్టాలెవరూ లేనివాళ్లకి నేను గట్టిగా సిఫారసు చేస్తాను. లోన్ మీద వచ్చి మొదటి నెల నుంచే పనిచేయాల్సినవాళ్లు షేరింగే చూసుకోండి. ఒకేసారి ఏడాదికి ఒప్పుకోకండి. నాలుగు వారాలకు తీసుకుని, నచ్చితే పొడిగించుకోండి. ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలో రాతలో ఉండాలి. మీది ఏ క్యాంపసో కామెంట్‌లో రాయండి, అక్కడికి ఏ ట్రామ్, ఏ రైలు లైన్ మీద ఇల్లు వెతకాలో చెప్తాను.