‘ముసలి’ తిట్టుమాటా? విజయవాడ స్టూడియోలో చర్చ

యాంకర్: ఓ ఆఫీసు కౌంటర్లో ‘ముసల్దానా, పక్కకి జరుగు’ అన్న వీడియో పొద్దుట్నుంచీ ఫోన్లన్నీ తిరుగుతోంది. మాస్టారూ, సూటిగా అడుగుతున్నా. ‘ముసలి’ అనే మాటని నిషేధించాలా?

తెలుగు మాస్టారు: మాట ఏం చేసిందండీ? తప్పంతా తోకలో ఉంది. ‘ముసలాయన, ముసలావిడ’ ఒక మెట్టు. ‘ముసలోడు, ముసల్ది’ రెండు మెట్లు కింద. ఇంకా అసలు దెబ్బ క్రియది. ‘తాతా’ అని వరస కలిపి, వెంటనే ‘ఇటు రా’ అంటారు. ‘తాతగారూ, ఇటు రండి’ అనాలి...

ఆశ్రమ నిర్వాహకురాలు: ‘తాత’ కూడా అందరికీ...

మాస్టారు: చెప్పనివ్వండమ్మా. ‘వృద్ధుడు’ తీసుకోండి. వృద్ధి, వృద్ధుడు ఒకటే ధాతువు, పెరగడమని అర్థం. జ్ఞానవృద్ధులు అంటాం కదా! మన వడ్డీ కూడా ఆ ‘వృద్ధి’లోంచి వచ్చిందే.

లాయర్: వడ్డీ అంటే గుర్తొచ్చింది, చాలా బ్యాంకులు 60 దాటినవాళ్ల డిపాజిట్లకి అర శాతం ఎక్కువిస్తాయి...

యాంకర్: వడ్డీ తర్వాత సార్. నిషేధించాలా, వద్దా?

లాయర్: తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం చేసిన 2007 చట్టం ప్రకారం 60 నిండితే సీనియర్ సిటిజన్. ఆర్టీసీ 25 శాతం రాయితీకీ అదే వయసు. బోర్డుల మీద ‘60 ఏళ్లు నిండినవారు’ అని రాస్తే గొడవే లేదు.

మాస్టారు: బోర్డు సరే, నోటి సంగతో?

నిర్వాహకురాలు: అదే చెప్పబోతున్నా. దరఖాస్తు మీద పేరుంటుంది, చివర ‘గారు’ చేర్చి పిలవండి. పేరు తెలియకపోతే ‘అమ్మా, ఇలా రండి’ చాలు. జుట్టుకి రంగేసుకుని వచ్చినావిడని ‘మామ్మగారూ’ అంటే మొహం మాడ్చుకుంటుంది...

మాస్టారు: చూశారా! ‘మాడ్చుకుంటుంది’! ‘మాడ్చుకుంటారు’ అనొద్దూ? (నవ్వులు)

నిర్వాహకురాలు: ఆవిడ ఇక్కడ లేరు కదండీ...

మాస్టారు: లేనప్పుడు ‘ఆవిడ వచ్చింది’, ఎదురుపడితే ‘వచ్చారా’! మన ఇళ్లల్లో జరిగేదే ఇది. నేను మొదట్నుంచీ అంటున్నదీ ఇదే, క్రియ, క్రియ!

యాంకర్: అయితే మాటని నిషేధించనక్కర్లేదని ముగ్గురూ ఒప్పుకున్నట్టే.

నిర్వాహకురాలు: నేనెప్పుడన్నాను?

లాయర్: నన్ను అడగనే లేదు.

మాస్టారు: ఒక్క నిమిషం. ‘ముదుసలి’ గ్రాంథికం, గౌరవంగా వినిపిస్తుంది. దాని చుట్టమే ‘ముదురు’. బెండకాయ ముదిరితే మాత్రం...

యాంకర్: బెండకాయ సంగతి బ్రేక్ తర్వాత మాస్టారే చెప్తారు.