పట్టు ఊళ్లో పాలిస్టర్ మాట

వేదిక మీది పెద్దలకీ, ముందు వరస అమ్మలకీ నమస్కారం. అధ్యక్షులవారు నాకు పది నిమిషాలిచ్చారు. అందులో మూడు నా పరిచయానికే సరిపోయాయి.

బరంపురంలో పుట్టాను, ఈ ఊరి పట్టుచీరే కట్టుకుని పెళ్లిపీటల మీద కూర్చున్నాను. పట్టంటే నాకు పడదని ఎవరూ అనుకోకండి. మొన్నామధ్య ఈ ఊళ్లోనే ఒక ఎగ్జిబిషన్‌కి నేను ఇంట్లో రంగులేసి మడతలు పెట్టిన పాలిస్టర్ దుపట్టాలు పట్టుకెళ్తే, అక్కడి పెద్దమనిషి వేలితో ఇలా ఎత్తి, "పాలిస్టరా? మెషీన్ సరుకు కదండీ" అని, నా బల్లని మిరపకాయ బజ్జీల పక్కన వేయించాడు. సాయంత్రానికి నా సరుకంతా నూనె వాసనే!

మెషీన్ సరుకట. వినండి. డిస్పర్స్ రంగు, అంటే పాలిస్టర్‌కి పట్టే రంగు, నీళ్లలో కలిపి కాగితం మీద పూస్తే ఆరాక బురదలా ఉంటుంది. దాన్ని బట్ట మీద బోర్లించి, టీషర్టుల మీద బొమ్మలేసే ప్రెస్సులో 200 డిగ్రీల దగ్గర నిమిషంలోపు నొక్కితే, రంగు ఆవిరై పోగులోకి దిగుతుంది. కాగితం ఎత్తితే నెమలికంఠం నీలం! నూలుకి అంటదు. టెర్రికాటన్ మీద వెలిసినట్టు వస్తుంది, అందులో పాలిస్టర్ పోగొక్కటే రంగు పడుతుంది మరి. మొదటిసారి 'శ్రీ' అని రాశాను, తిరగబడి వచ్చింది. బోర్లిస్తున్నామన్న సంగతే తట్టలేదు. "అమ్మమ్మా, అద్దంలో బాగానే ఉందిలే" అన్నాడు మనవడు.

ఇక మడతలు. పాలిస్టర్‌ని మడిచి వేడి చేసి, ఆ మడతలోనే చల్లారనిస్తే, ఉతికినా పోదు. మొదట ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టాను. ఆగలేక వేడివేడిగా విప్పాను, సగం జారిపోయాయి. తర్వాత మడిచిన బట్ట మీదే రంగు కాగితం వేసి నొక్కాను. రంగూ మడతా ఒకేసారి! రంగు పైకి కనిపించే మడతలకే పడుతుంది, లోపల తెలుపు. నడుస్తుంటే ఆ తెలుపు తొంగిచూస్తుంది. జపాన్‌లో ఇస్సే మియాకే అనే బట్టల డిజైనర్ ఇంకో దారి పట్టాడు. డ్రెస్సుని ముందే పెద్ద సైజులో కుట్టేసి, తర్వాత మడతలు పెట్టించేవాడు. 1993లో 'ప్లీట్స్ ప్లీజ్' పేరుతో అమ్మాడు కూడా. ఇదంతా ఆ పెద్దమనిషికి చెప్పబోతే, బజ్జీలు తెమ్మని కుర్రాణ్ణి కేకేశాడు.

ఇంట్లో చేసేవాళ్లు కిటికీలు తెరిచి పెట్టుకోండి, ఆ రంగు ఆవిరి పీల్చకూడదు.

టైమైందా? ఒక్క నిమిషం. ముందు వరస పిన్నిగారూ, మీరు రండి. ఈ మూట పొద్దున నొక్కింది. దారం మీరే విప్పండి. ఆ చివర పట్టుకోండి... మెల్లిగా.