పరుగుకు ముందు ఆ ఒక్క నిమిషం

(వరంగల్ నుంచి ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమం. అంశం: క్రీడాకారుల మనసు. స్టూడియోలో క్రీడా మనస్తత్వ నిపుణురాలు.)

వ్యాఖ్యాత: నమస్కారం. పోటీల రోజులు దగ్గరపడ్డాయి. హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో తెల్లవారకముందే పిల్లల అడుగుల చప్పుడు వినిపిస్తోంది. కాళ్ళకు శిక్షణ ఇచ్చేవారు ఉన్నారు, మనసు సంగతి అడిగేవారే తక్కువ. ఫోన్ చేసేవారు పేరు చెప్పనక్కర్లేదు, ఊరు చెబితే చాలు. మొదటి కాల్ నర్సంపేట నుంచి. చెప్పండమ్మా.

తల్లి: నమస్తే మేడం. మా బిడ్డ పదో తరగతి. 400 మీటర్లు పరుగెత్తుతుంది. ఊళ్ళో గ్రౌండ్‌లో సారు గడియారం పెట్టి చూస్తే 64 సెకన్లకు వస్తుంది. పోటీకి వెళ్తే 68, 69. పరుగుకు ముందు వాంతి చేసుకుంటుంది, చేతులు చల్లబడతాయి. దిష్టి తగిలిందేమోనని ఉప్పు, మిరపకాయలు కూడా తీసేశాను. ఈ భయం పోయే దారి చెప్పండి.

నిపుణురాలు: దిష్టి తీసినందుకు నేనేమీ అననమ్మా, బిడ్డ మీద ప్రేమ కొద్దీ తీశారు. కానీ భయాన్ని పూర్తిగా పోగొట్టమని మాత్రం అడగకండి. పోటీ ముందు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె వేగం అందుకుంటుంది, రక్తం కడుపు, చర్మం వైపు తగ్గి కండరాల వైపు మళ్ళుతుంది. కడుపులో తిప్పడం, చేతులు చల్లబడడం అందువల్లే. ఒళ్ళు పరుగుకు సిద్ధమవుతోందన్నమాట. ఆ సంగతి ముందే చెబితే పిల్ల సగం కుదుటపడుతుంది. తెలియకపోతే, భయపడుతున్నానే అని మళ్ళీ భయపడుతుంది. ఆ రెండో భయమే కాళ్ళను కట్టేస్తుంది. సరే, పోటీ రోజు పొద్దున ఇంట్లో ఏమి మాట్లాడుకుంటారు?

తల్లి: వాళ్ళ నాన్న చెబుతారు మేడం. కల్లెడ దీప్తిని చూడు, మన జిల్లా పిల్లే, పారిస్ వెళ్ళి పతకం తెచ్చింది, నువ్వెందుకు తేలేవు అని.

నిపుణురాలు: దీప్తి జీవంజి సంగతే చూద్దాం. 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో ఆమె తన విభాగంలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పూర్తి చేసి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్ ఫైనల్‌లో ఆమె సమయం 55.82, కాంస్యం వచ్చింది. ప్రపంచ రికార్డు పెట్టిన కాళ్ళకే నాలుగు నెలలు తిరగకుండా ముప్పావు సెకను తేడా వచ్చింది. మరి పదో తరగతి పిల్ల ప్రతిసారీ ఒకే సమయం తేవాలని ఎలా అడుగుతాం? ఆమె పేరు చెప్పి ధైర్యం ఇవ్వండి, ఆమెతో కొలవకండి. మీ బిడ్డ మొదటి సగం చాలా వేగంగా వెళ్ళి, చివరి వంద మీటర్లలో పడిపోతుందా?

తల్లి: అవును మేడం. చివర్లో కాళ్ళు కట్టెల్లా అయిపోతాయి.

నిపుణురాలు: తుపాకీ మోగగానే భయం నుంచి పారిపోతున్నట్టు పరుగెత్తుతోంది. మీరు జొన్నరొట్టె చేస్తారా?

తల్లి: రోజూ చేస్తాను.

నిపుణురాలు: ఏ వేలు ఎక్కడ పడాలో చూసుకుంటూ తడతారా? లేదు కదా. కొత్త చుట్టాలొచ్చి, అందరూ చుట్టూ నిలబడి మీ చేతులవంకే చూస్తున్నారనుకోండి. రొట్టె విరుగుతుంది. ఏళ్ళ తరబడి చేతికి వచ్చిన పనిని మళ్ళీ మనసు పట్టుకుని నడపబోతే అది చెడుతుంది. పెద్ద పెద్ద ఆటగాళ్ళు కీలక సమయంలో తడబడడానికి ఇది ఒక ముఖ్య కారణం. అందుకని ఆ చివరి నిమిషంలో మనసుకు ఒక చిన్న పని ఇవ్వాలి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు అంకెల వరకు వదలమనండి. ఊపిరి నిదానంగా వదిలితే గుండె కొంత నెమ్మదిస్తుంది. తర్వాత ఒక్కటే మాట: మొదటి మలుపు దాటేదాకా లోపలి తెల్లగీత మీదే చూపు. గెలవాలి అన్నది ఆ క్షణంలో చేసే పని కాదమ్మా, పక్క లేన్లలో ఇంకో ఏడుగురు ఉంటారు. గీతను చూడడం మాత్రం పూర్తిగా తన చేతిలో ఉంది.

తల్లి: వాంతి సంగతి మేడం?

నిపుణురాలు: తినడం మూడు గంటల ముందే అయిపోవాలి, అలవాటైన తిండే పెట్టండి. ఇంకో మాట. ఊళ్ళో మట్టి గ్రౌండ్, ఇక్కడ సింథటిక్ ట్రాక్. వీలైతే ఒకరోజు ముందే తీసుకొచ్చి ఆ ట్రాక్ మీద నడిపించండి. 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ ఈ స్టేడియంలోనే జరిగాయి. 1500 మీటర్లలో సునీతా రాణి 2002లో నెలకొల్పిన జాతీయ రికార్డును హర్మిలన్ బైన్స్ ఈ ట్రాక్ మీదే దాటారు, 4 నిమిషాల 5.39 సెకన్లలో. అంతటివాళ్ళు పరుగెత్తిన చోటు తనది కూడా అని పిల్లకు అనిపించాలి. పరుగు అయ్యాక మీరు మొదట అడిగే మాట ఏమిటి?

తల్లి: (కాస్త ఆగి) ఎన్నో స్థానం అని అడుగుతాను మేడం.

నిపుణురాలు: ఈసారి ఆకలేస్తోందా అని అడగండి. స్థానం సంగతి తనే చెబుతుంది. ఓడినా ఇంట్లో తన కంచం తన చోటే ఉంటుందని తెలిసిన పిల్ల తేలిగ్గా పరుగెత్తుతుంది.

వ్యాఖ్యాత: తర్వాత జగిత్యాల నుంచి. చెప్పు తమ్ముడూ.

యువకుడు: కబడ్డీ ఆడతాను మేడం, రైడర్‌ని. రెండు కూతలు ఖాళీగా వచ్చాక మూడో కూతకు పాయింటు తేవాల్సిందే, లేకపోతే ఔట్. దానికి నన్నే పంపుతారు. గీత దాటగానే జనం అరుపులు తప్ప ఏమీ వినిపించదు. 30 సెకన్లు ఎలా పోయాయో తెలియదు.

నిపుణురాలు: ఒత్తిడి పెరిగితే చూపు ఇరుకవుతుంది నాన్నా. మూల నుంచి వచ్చే డిఫెండర్ కనిపించడు. మీ కోచ్ ఏమంటారు?

యువకుడు: భయపడకు అంటారు.

నిపుణురాలు: ఆ మాట నాకు నచ్చదు. భయపడకు అంటే చెవిలో మిగిలేది భయమే. ఏమి చేయాలో చెప్పాలి. కూతకు ముందు గీతను తాకి కళ్ళకు అద్దుకుంటావా?

యువకుడు: అవును, చిన్నప్పటి నుంచీ.

నిపుణురాలు: ఆ అలవాటు వదలకు. నిర్ణయం ఆ క్షణంలోనే తీసుకో. ఎవరి మీదికి వెళ్తున్నావు, కాలితోనా చేతితోనా, ఒక్కటే. గీత దాటాక కొత్త ఆలోచన వద్దు, ఎదుటివాడు తప్పు చేసి అవకాశం ఇస్తే తప్ప. ప్రాక్టీసు చివర్లో, బాగా అలసిపోయాక, 30 సెకన్ల గడియారం పెట్టి, స్నేహితులను చుట్టూ నిలబెట్టి అరవమను. వారానికి రెండుసార్లు. ఆ అరుపులు నీకు పాతపడిపోవాలి.

వ్యాఖ్యాత: పెద్దపల్లి నుంచి ఇంకొకరు.

మరో యువకుడు: మేడం, వాలీబాల్ ఆడేవాణ్ణి. మోకాలి లిగమెంటు తెగి ఆపరేషన్ జరిగి ఏడు నెలలైంది. మెల్లగా గెంతవచ్చని డాక్టరు చెప్పారు. గెంతలేకపోతున్నాను.

నిపుణురాలు: నొప్పి ఉందా?

యువకుడు: లేదు. మళ్ళీ తెగుతుందేమోనని.

నిపుణురాలు: కాలు నయం కావడం వేరు, కాలి మీద నమ్మకం రావడం వేరు. రెండూ ఒకే రోజున రావు. ఫిజియోథెరపిస్టు దగ్గర జానెడు ఎత్తుతో మొదలుపెట్టండి. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2017లో భుజం గాయంతో రింగుకు దూరమయ్యారు. ప్రపంచ ఛాంపియన్ అయింది 2022లో, ఇస్తాంబుల్‌లో. నడుమ ఐదేళ్ళు. పతకం మెరుపులో ఆ ఐదేళ్ళను మనం మరిచిపోతాం. మిగతా రోజంతా ఏమి చేస్తుంటారు?

యువకుడు: గదిలోనే ఉంటాను. జట్టువాళ్ళ ఫోన్లు ఎత్తడం లేదు. తెల్లవారుజాము మూడింటి దాకా నిద్ర రాదు. ఆట లేకపోతే నేను ఎవరినో నాకే తెలియడం లేదు మేడం.

నిపుణురాలు: నేరుగా అడుగుతున్నాను, ఏమీ అనుకోవద్దు. బతకాలని లేదని ఎప్పుడైనా అనిపించిందా?

యువకుడు: ...అప్పుడప్పుడు.

నిపుణురాలు: చెప్పినందుకు చాలా సంతోషం. ఈ మాట చెప్పడానికి ధైర్యం కావాలి. ఇప్పుడు ఇంట్లో ఎవరున్నారు?

యువకుడు: అక్క ఉంది.

నిపుణురాలు: అక్కను పిలిచి పక్కన కూర్చోమనండి. ఫోన్ పెట్టకండి, నేను లైన్‌లోనే ఉంటాను.

వ్యాఖ్యాత: ఈ సంభాషణను ఇక్కడి నుంచి ప్రసారం చేయడం లేదు. మేడం పక్క గదిలోని ఫోన్‌కు వెళ్ళారు. ఇలాంటి ఆలోచనలు ఉన్నవారు, వారి ఇంటివారు 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ ఉచిత సేవ, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. మంచిర్యాల నుంచి ఒక పీఈటీ సారు లైన్‌లో ఉన్నారు. ఎంతసేపైనా ఆగుతానన్నారు.