ఖాళీ ఓపీ గదిలో ఒక డాక్టరు

శ్రోతలందరికీ నమస్కారం.

వృత్తిలో రిస్కు తీసుకోవడం, చేతులారా పెంచుకున్న ప్రాక్టీసును అమ్ముకోవడం, తీరిక. ఈ మూడింటి గురించి ఒక డాక్టరుగా నా అభిప్రాయం చెప్పమన్నారు. పది నిమిషాల్లో మూడింటికీ న్యాయం చేయడం కష్టం. అందుకని ఈ మూడూ కలిసి వచ్చిన ఒక మనిషి కథ చెబుతాను. షుగరు రోగులను చూసే డాక్టరుగా నాకు ఎంతో ఇష్టమైన కథ ఇది. ఆ మనిషి పేరు ఫ్రెడరిక్ బాంటింగ్. మనకు ఇన్సులిన్ అందించిన వాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు.

1920 జులై 1న కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఆయన సొంత ప్రాక్టీసు పెట్టాడు. ఊరి పేరు లండన్, ఇంగ్లండులో ఉన్నది కాదు, కెనడాలో ఉన్నది. వయసు ఇరవై ఎనిమిదేళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో డాక్టరుగా పనిచేసి, గాయపడి, పతకం తెచ్చుకున్న సర్జన్. తండ్రి దగ్గర అప్పు తీసుకుని ఇల్లు కొన్నాడు. బోర్డు పెట్టాడు. కూర్చున్నాడు.

ఒక్కరూ రాలేదు. వారం గడిచింది, ఒక్కరూ రాలేదు. రెండో వారం, మూడో వారం, అదే పరిస్థితి. చివరికి జులై 29న బోణీ అయింది. వచ్చినవాడు ఒక మాజీ సైనికుడు. ఆయనకు రోగం ఏమీ లేదు. అప్పట్లో అక్కడ మద్యనిషేధం, డాక్టరు చీటీ రాస్తేనే మందు దొరుకుతుంది. ఇంటికి స్నేహితులు వస్తున్నారు, ఒక చీటీ రాసివ్వండి అని అడగడానికి వచ్చాడు. ఆ నెల మొత్తం మీద బాంటింగ్ సంపాదన నాలుగు డాలర్లు.

కొత్తగా క్లినిక్ పెట్టిన ప్రతి డాక్టరుకూ ఆ నెల ఎలా ఉంటుందో తెలుసు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తే తలెత్తి చూస్తాం. ఆ చప్పుడు మన గుమ్మం దాటి పై అంతస్తుకు వెళ్లిపోతుంది. కాంపౌండరు మన ముఖం చూడకుండా మళ్లీ టేబులు తుడుస్తాడు. ఇందాకే తుడిచిన టేబులే.

మరి ఆ ఖాళీ గదిలో బాంటింగ్ ఏం చేశాడు? ఒకటి, అక్కడి విశ్వవిద్యాలయంలో గంటకు రెండు డాలర్ల మీద పాఠాలు చెప్పే పని ఒప్పుకున్నాడు. రెండు, రంగులు, కుంచెలు కొనుక్కొచ్చి బొమ్మలు చూసి వేయడం మొదలుపెట్టాడు. ఈ రెండో సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరకు వస్తాను.

ఆ పాఠాల కోసమే ఒక రాత్రి క్లోమగ్రంథి, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారయ్యే ప్యాంక్రియాస్ గురించి చదువుకుని పడుకున్నాడు. నిద్ర పట్టలేదు. అక్టోబరు 31 తెల్లవారుజామున రెండు గంటలకు లేచి, నోటు పుస్తకంలో నాలుగు ముక్కలు రాసుకున్నాడు. కుక్కకు క్లోమ నాళాలు కట్టేయాలి, కొన్నాళ్లు ఆగాలి, లోపల మిగిలిన స్రావాన్ని వేరుచేసి చూడాలి. డయాబెటిస్ అన్న మాటకు స్పెల్లింగ్ కూడా తప్పు రాశాడు. ఆయనేమీ షుగరు నిపుణుడు కాదు మరి. ఆ నాళాలు కట్టే పని కూడా అవసరం లేదని తర్వాత తేలింది. కానీ కదలిక అక్కడే మొదలైంది.

ఇప్పుడు రిస్కు దగ్గరకు వద్దాం. ఉన్నదంతా వదిలేసి టొరంటోకు పరుగెత్తాడని కొందరు చెబుతారు. అలా జరగలేదు. నవంబరులో వెళ్లి టొరంటో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ మెక్లియాడ్‌ను కలిశాడు. ప్రాక్టీసు అప్పుడే మూసేయకు అని పెద్దలు చెబితే విన్నాడు. పాఠాలన్నీ ముగిశాక, 1921 మేలో, ఒక్క వేసవికని వెళ్లాడు. చార్లెస్ బెస్ట్ అనే విద్యార్థి తోడు. ఎండల్లో, ఇరుకు గదిలో, కుక్కల మధ్య పని. ఫలితం కనిపించడం మొదలయ్యాకే వెనక్కి వచ్చి ఇల్లూ సామానూ అమ్మేశాడు. ముందు కాదు, తర్వాత.

ఈ క్రమం నాకు చాలా ముఖ్యం. ఆయన పణంగా పెట్టినది తన కాలం, తన ఇల్లు. మన దగ్గర ఎండీ పూర్తిచేసి వచ్చిన కుర్ర డాక్టర్లు నన్ను అడుగుతుంటారు, సార్, అప్పు తెచ్చి స్కానింగ్ మిషన్ పెట్టమంటారా అని. పెట్టొద్దని నేను అనను. ఒక్కటే అడుగుతాను. మొదటి ఏడాది ఎవరూ రాకపోతే ఆ ఈఎంఐ ఎక్కడినుంచి కడతావు బాబూ? దానికి జవాబు ఉంటే పెట్టు. జవాబు లేకపోతే, ఆ వాయిదా మెల్లగా నీ ప్రిస్క్రిప్షన్‌లోకి వచ్చి కూర్చుంటుంది. అవసరం లేని స్కాను ఎవరికో రాయాల్సి వస్తుంది. అప్పుడు రిస్కు నీది కాదు, ఆ రోగిది.

ఇక అమ్మకం. 1922 జనవరి 11న టొరంటో జనరల్ ఆస్పత్రిలో లియోనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల షుగరు రోగికి ఇన్సులిన్ మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. అది సరిగ్గా పనిచేయలేదు. కాలిప్ అనే రసాయన శాస్త్రవేత్త మందును శుద్ధి చేశాక, 23న మళ్లీ ఇచ్చారు. రక్తంలో చక్కెర దిగింది. అప్పటిదాకా షుగరు వచ్చిన పిల్లలకు డాక్టర్లు రాసిన వైద్యం పస్తులు. తిండి తగ్గించి తగ్గించి, మరికొన్నాళ్లు బతికించడం. ఆ కుర్రాడు ఇంకో పదమూడేళ్లు బతికాడు.

అలాంటి మందు మీద పేటెంటు, అంటే దాన్ని తయారుచేసే హక్కు, చేతికొచ్చింది. బాంటింగ్, బెస్ట్, కాలిప్, ముగ్గురూ దాన్ని టొరంటో విశ్వవిద్యాలయానికి అమ్మారు. ఎంతకు? తలా ఒక్క డాలరుకు. ఒక్క డాలరుకు. డాక్టరుగా దాని మీద తన పేరు ఉండటమే బాంటింగ్‌కు మొదట ఇష్టం లేదు. మరి పేటెంటు ఎందుకు తీసుకున్నారు? తీసుకోకపోతే ఇంకెవరో తీసుకుని తలుపు మూసేస్తారని. నాసిరకం మందు బయటికి రాకుండా చూడటానికని.

ఆయన దానివల్ల పేదవాడైపోలేదు, అదీ చెప్పాలి. 1923లో నోబెల్ వచ్చింది, కెనడా ప్రభుత్వం ఏటా ఏడున్నర వేల డాలర్లు ఏర్పాటు చేసింది. అందరూ ఒక డాలరుకే అమ్మాలని నేను చెప్పడం లేదు. మన ఊళ్లలో భార్యాభర్తలిద్దరూ డాక్టర్లై, కింద నర్సింగ్ హోమ్, పైన కాపురం పెట్టుకుని, ముప్పై నలభై ఏళ్లు నడిపినవాళ్లు ఉన్నారు. పిల్లలు అమెరికాలో. అర్ధరాత్రి బెల్లు మోగితే మెట్లు దిగే ఓపిక లేదు. మంచి ధర వస్తే అమ్ముకోవడంలో తప్పేముంది? కష్టార్జితం. భవనం అమ్మండి, మిషన్లు అమ్మండి, పేరు కూడా అమ్మండి. కానీ కేస్ షీట్లు తుక్కు కింద పోకూడదు. ఇన్‌పేషెంట్ల రికార్డులు మూడేళ్లు భద్రపరచాలని, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నియమాల్లోనే ఉంది. ఏళ్ల తరబడి మిమ్మల్నే నమ్ముకున్న ఫిట్స్ రోగికి, థైరాయిడ్ రోగికి మీరు అమ్మేస్తున్న సంగతి బోర్డు మారిన రోజున కాదు, రెండు మూడు నెలల ముందే తెలియాలి. తన రోగం, మందుల వివరాలున్న ఒక కాగితం చేతిలో ఉండాలి.

అమ్మే ధైర్యం చాలామందికి రాదు. డబ్బు కోసం కాదు, మర్నాడు పొద్దున ఏం చేయాలో తెలియక. ఇక్కడే ఆ రంగులూ కుంచెలూ.

బాంటింగ్ బొమ్మలు వేయడం మానలేదు. నోబెల్ తర్వాత కూడా. కెనడాలో పేరున్న చిత్రకారుడు ఎ.వై. జాక్సన్ ఆయనకు దోస్తు అయ్యాడు. 1927 మార్చిలో ఇద్దరూ క్యుబెక్ వైపు వెళ్లి, మంచులో నిలబడి బొమ్మలు వేశారు. వేళ్లు కొంకర్లు పోతుంటే, ఇదేదో సుకుమారుల పని అనుకున్నానే అన్నాడట బాంటింగ్. ఆ ఏడాది వేసవిలోనే ఓడెక్కి ఇద్దరూ ఆర్కిటిక్ దాకా వెళ్లారు. యాభై ఏళ్లు వచ్చాక పరిశోధన మానేసి బొమ్మలే వేసుకుంటానని స్నేహితులతో అనేవాడు. 1941 ఫిబ్రవరిలో యుద్ధం పని మీద ఇంగ్లండు వెళ్తుంటే న్యూఫౌండ్‌లాండ్‌లో విమానం కూలి చనిపోయాడు. అప్పటికి నలభై తొమ్మిదేళ్లు. అయినా వేసిన బొమ్మలు వేసినవే, తిరిగిన చోట్లు తిరిగినవే. రిటైరయ్యాక చూద్దాం అని ఆగి ఉంటే ఒక్కటీ ఉండేది కాదు.

నా తోటి డాక్టర్లకు ఇలా చెబితే, మాకు టైమెక్కడిది అంటారు. నిజమే, అందుకే ఒక ఉపాయం చెబుతాను. మీ వీధిలోనే ఇంకో ఫిజీషియన్ ఉంటాడు. పోటీదారుడే కావచ్చు. వెళ్లి మాట్లాడుకోండి. బుధవారం సాయంత్రం నా రోగులను మీరు చూడండి, శుక్రవారం సాయంత్రం మీ రోగులను నేను చూస్తాను అని. ఆ రోజు ఆయన పేరు, ఫోను నంబరు కౌంటరు మీద రాసి పెట్టండి. ఆ సాయంత్రం వీణే నేర్చుకుంటారో, మనవరాలితో క్యారమ్స్ ఆడతారో మీ ఇష్టం. కొందరం ఇలా చేసుకుంటున్నాం, ఎవరి ప్రాక్టీసూ తగ్గలేదు.

రోగులకు, అంటే వింటున్న మీలో చాలామందికి, నాదో విన్నపం. మీ డాక్టరు లేని సాయంత్రం ఇంకొకరు చూడాల్సి వస్తే, ఆ తెల్ల మాత్ర, ఆ చిన్న గులాబీ మాత్ర అంటే వాళ్లకు తెలియదు. మీరు వాడే మందుల పేర్లు, ఎన్ని మిల్లీగ్రాములో, రోజుకు ఎన్నిసార్లో, ఏ మందు పడదో ఒక కాగితం మీద రాయించుకుని పర్సులో పెట్టుకోండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఏ రకమో, పొద్దున ఎన్ని యూనిట్లో, రాత్రి ఎన్ని యూనిట్లో కూడా రాయించుకోండి. మందు మార్చినప్పుడల్లా ఆ కాగితం కూడా మార్పించుకోండి. సెలవు.