బ్రాంకియూరా సోవర్బీ: తోకన మొప్పలున్న మంచినీటి పురుగు

అందరికీ నమస్కారం.

చెరువు అడుగున బురద తీసి జల్లెడ పడితే సన్నగా, ఎర్రగా మెలికలు తిరిగే పురుగులు బయటపడతాయి. వాటన్నిటినీ ట్యూబిఫెక్స్ (చేపలకు మేతగా వేసే ఎర్ర పురుగు) అనేయడం మనకు అలవాటు. అందులో కొన్ని ట్యూబిఫెక్స్ కావు. వాటిలో ఒకటైన బ్రాంకియూరా సోవర్బీ నిర్మాణం, వర్గీకరణ ఈ రోజు మన విషయం.

దీన్ని మొదట వర్ణించినవాడు ఎఫ్. ఇ. బెడ్డార్డ్, 1892లో. నమూనాలు దొరికింది లండన్‌లోని రీజెంట్స్ పార్కు తోటలో, విక్టోరియా తామర పెంచే వెచ్చని తొట్టి బురదలో. ఇది ఆసియా నుంచి నీటిమొక్కల వెంట అక్కడికి చేరి ఉంటుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఇప్పుడు చాలా ఖండాల్లో, ముఖ్యంగా వెచ్చని నీళ్లలో కనిపిస్తుంది.

తల బురదలో దించి, తోకను నీళ్లలోకి చాచి ఆడిస్తూ బతుకుతుంది. పది సెంటీమీటర్లు దాటేవీ ఉంటాయి. శరీరం వెనక భాగంలో, సుమారు చివరి మూడోవంతు లేదా నాలుగోవంతులో, ఒక్కో ఖండితానికి (అంటే శరీరంలో ఉంగరంలాంటి ఒక్కో భాగానికి) రెండేసి మొప్ప తంతువులుంటాయి. ఒకటి వీపు నడిమి గీత మీద, రెండోది పొట్ట నడిమి గీత మీద. పక్కల నుంచి పుట్టవు. ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరపడుతుంది. మొప్పలు మొదలైన చోట పొట్టిగా ఉండి, పోనుపోనూ పొడవై, తోక కొస దగ్గర మళ్లీ పొట్టివవుతాయి. ప్రతి తంతువులోకీ రక్తనాళం వెళ్తుంది. ఎర్ర రంగునిచ్చే హీమోగ్లోబిన్ కణాల్లో కాకుండా నేరుగా ప్లాస్మాలోనే కరిగి ఉంటుంది. ఆక్సిజన్ తక్కువగా ఉండే బురదలో బతకడానికి ఈ రెండూ తోడ్పడతాయి.

ఇక ఖండితాల లెక్క. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ముందు కొసన ఉండే ప్రోస్టోమియం ఖండితం కిందికి రాదు. నోరున్న పెరిస్టోమియం మొదటి ఖండితం, దానికి శూకాలు (చర్మం నుంచి పొడుచుకొచ్చే సన్నటి ముళ్లు) ఉండవు. శూకాలు రెండో ఖండితం నుంచి మొదలవుతాయి. మొదటి శూకాల కట్టను చూసి ‘ఒకటి’ అని లెక్కపెడితే ఆ తర్వాత అన్నీ ఒక ఖండితం ముందుకు జరిగిపోతాయి. అప్పుడు పదో ఖండితంలో ఉండాల్సిన ముష్కాలు (వీర్యకణాలు తయారయ్యే అవయవాలు) తొమ్మిదిలో ఉన్నట్టు రాస్తాం, గుర్తింపు పట్టికలో దారి తప్పుతాం.

ముందు భాగంలో వీపు వైపు కట్టల్లో వెంట్రుకలాంటి పొడవాటి శూకాలు ఒకటి నుంచి మూడు దాకా, వాటితో పాటు పొట్టి సూది శూకాలు ఉంటాయి. వెనక్కి వెళ్లేకొద్దీ వెంట్రుక శూకాలు మాయమవుతాయి. పొట్ట వైపు శూకాలు కొన్ని ఒకే మొనతో, కొన్ని పైన చిన్న పన్నుతో ఉంటాయి. ఆ పన్ను కనిపించాలంటే మైక్రోస్కోపుకు ఆయిల్ ఇమర్షన్ లెన్సు వేయాల్సిందే.

పదో ఖండితంలో ముష్కాలు, శుక్రగ్రాహికలు (జతకట్టిన పురుగు వీర్యాన్ని దాచుకునే సంచులు) ఉంటాయి. పదకొండులో అండాశయాలు, పురుష జననరంధ్రాలు. శరీరకుహరంలో, అంటే పేగుకూ శరీర గోడకూ మధ్య ఖాళీలో, పెద్ద పెద్ద గుండ్రటి కణాలు విస్తారంగా ఉంటాయి. లిమ్నోడ్రిలస్ అనే మరో బురద పురుగులో పురుషాంగాన్ని కప్పుతూ కనిపించే, క్యూటికిల్ (గట్టి పైపొర) గొట్టంలాంటి మేహన తొడుగు దీనికి లేదు. ఈ లక్షణాల వల్లే దీన్ని రయాకోడ్రిలినే ఉపకుటుంబంలో చేర్చారు.

కుటుంబం విషయంలో పాత పుస్తకాలు మిమ్మల్ని తికమకపెడతాయి. వాటిలో ట్యూబిఫిసిడే అని ఉంటుంది. నైడిడే కుటుంబం పురుగులు నిజానికి ట్యూబిఫిసిడేలోంచి వచ్చిన ఒక కొమ్మేనని డీఎన్ఏ అధ్యయనాల్లో తేలాక రెండింటినీ కలిపారు. నైడిడే 1828 నాటి పేరు, ట్యూబిఫిసిడే 1876 నాటిది. ముందు పెట్టిన పేరే నిలిచింది. కాబట్టి ఇప్పుడు రాయాల్సింది: వర్గం అనెలిడా, విభాగం క్లైటెల్లేటా, కుటుంబం నైడిడే, ఉపకుటుంబం రయాకోడ్రిలినే.

మొప్పలు కనిపించాయి కాబట్టి బ్రాంకియూరాయే అనుకోకండి. మొప్పలున్న మంచినీటి పురుగులు ఇంకా ఉన్నాయి. బ్రాంకియోడ్రిలస్‌కు మొప్పలు శరీరం ముందు భాగంలో, పక్కల నుంచి వస్తాయి. వీపు వైపు శూకాలు ఆ మొప్పల్లోకే చొచ్చుకుని ఉంటాయి. ఆ ప్రజాతిలోని సెంపెరి జాతిని ఎ. జి. బోర్న్ మద్రాసు నమూనాలతో 1890లో వర్ణించాడు. డీరోకు మొప్పలు తోక కొసన గరిటెలాంటి గుంటలో గుంపుగా ఉంటాయి. మొప్ప ఉందా లేదా అన్నదానికంటే ఎక్కడి నుంచి పుట్టిందన్నదే అసలు ప్రశ్న.

ఈ తేడా చేపల రైతుకూ ముఖ్యమే. కార్ప్ చేపల్లో రక్తస్రావం కలిగించే థెలొహనెల్లస్ హొవోర్కై అనే మిక్సోజోవా (సూక్ష్మ పరాన్నజీవుల గుంపు) పరాన్నజీవి తన జీవితచక్రంలో ఒక దశను బ్రాంకియూరాలో గడుపుతుంది. చానెల్ క్యాట్‌ఫిష్ మొప్పలను దెబ్బతీసే హెన్నెగూయా ఇక్టలూరి అనే మరో పరాన్నజీవి మాత్రం డీరో డిజిటాటాలో పెరుగుతుంది. పురుగు పేరు తప్పితే ఏ జబ్బుకు భయపడాలో కూడా తప్పుతుంది.

నమూనా తయారీకి వద్దాం. బతికున్న పురుగును నేరుగా ఆల్కహాల్‌లో వేస్తే ముడుచుకుపోతుంది, మొప్పలు కుంచించుకుని కనపడవు. ముందు సోడా నీళ్లలో గానీ, కొద్దికొద్దిగా ఆల్కహాల్ కలుపుతూ గానీ మత్తివ్వాలి. సూదితో తాకినా కదలనప్పుడు మొప్పల స్థానం రాసుకోండి. డీఎన్ఏ కావాలంటే వెనక ముక్క ఒకటి కోసి 95 శాతం ఆల్కహాల్‌లో వేయండి, ఎందుకంటే ఫార్మలిన్ తగిలితే డీఎన్ఏ చెడుతుంది. మిగతాదాన్ని ఒక వంతు ఫార్మలిన్, తొమ్మిది వంతుల నీళ్లలో ఒక రోజు ఉంచి, కడిగి 70 శాతం ఆల్కహాల్‌కు మార్చాలి. ఈ పని చేతి తొడుగులతో, గాలి ఆడే చోట చేయాలి.

స్లైడు మీద పురుగును పక్కకు పడుకోబెట్టండి. అప్పుడే వీపు కట్టలు, పొట్ట కట్టలు రెండూ ఒకేసారి కనిపిస్తాయి. గ్లిసరిన్‌లో నెమ్మదిగా పారదర్శకమయ్యాక కవర్‌స్లిప్ వేయండి, గట్టిగా నొక్కితే శుక్రగ్రాహికలు చితికిపోతాయి.

జల్లెడలో తోకలు సులువుగా తెగుతాయి. తోక లేని, జననాంగాలు ఎదగని ముక్కను ఊహతో బ్రాంకియూరా అని రాయకండి. ‘వెంట్రుక శూకాలున్న అపరిణత నైడిడే’ అని నిజాయితీగా రాయడమే మేలు. సంఖ్య లెక్కించేటప్పుడు తలలనే లెక్కపెట్టాలి. మొప్పలున్న తోక ముక్క దొరికితే ఆ జాతి ఉందని నమోదు చేయండి కానీ, మొత్తంలో కలపకండి. కలిపితే తెగిన ప్రతి పురుగూ రెండుసార్లు లెక్కలోకి వస్తుంది.