నేను కొడితే మెల్లగా కొడతానక్కా

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు. మీరు రోజూ చూసేదే నేను చెప్పబోతున్నాను.

మా సెంటర్‌కి మూడేళ్ల బాబు ఒకడు వచ్చేవాడు. ఓ రోజు ఆయా పప్పు వడ్డిద్దామని గరిటె పైకెత్తింది. వాడు చటుక్కున రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ముడుచుకుపోయాడు. ఆయా గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

వాళ్లమ్మకి అప్పటికి 19 ఏళ్లు. సాయంత్రం ఆమెను పక్కన కూర్చోబెట్టి, పిల్లాణ్ని కొడతావా అని అడిగాను. దాచలేదు. "ఆయన ఇంటికొచ్చేసరికి వీడు ఏడుస్తూ ఉంటే ఇద్దరికీ పడతాయక్కా. నేను కొడితే మెల్లగా కొడతా, నోరు మూసుకుంటాడు" అంది.

అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారనే నేనూ అనుకునేదాన్ని. అదీ ఉంటుంది, లేదనను. ఈ అమ్మాయి మాత్రం భయంతో కొడుతోంది. పెద్ద దెబ్బ తప్పించడానికి చిన్న దెబ్బ వేస్తోంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 20-24 ఏళ్ల మహిళల్లో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం, తెలంగాణలో 23 శాతం పైనే. ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబే అన్న మహిళలు రెండు రాష్ట్రాల్లోనూ 80 శాతం దాటారు. సర్వేలో అడిగిన కారణాల్లో ఒకటి ఏమిటో తెలుసా? ఇంటినీ పిల్లల్నీ సరిగ్గా చూసుకోకపోవడం. పిల్లాడి అల్లరికి దెబ్బలు తల్లికి అన్నమాట. అలాంటి ఇంట్లో పిల్లాడి ఏడుపు వినపడితే ఆమెకు గుండె దడ రాదా?

రాత్రంతా నిద్రలేని మనిషికి ఓపిక ఎక్కడినుంచి వస్తుంది? ఇవాళ పాలు ఒలికితే దెబ్బ, రేపు ఒలికితే ముద్దు. ఏది తప్పో పిల్లాడికి అంతుపట్టదు. పాల గ్లాసు మానేసి అమ్మ మొహం చూడటం నేర్చుకుంటాడు. కొందరు పక్క పిల్లల్ని కొరుకుతారు, తోస్తారు. వాళ్ల మీద మనకు ఫిర్యాదులొస్తాయి. మూల కూర్చుని, పిలిస్తే ఉలిక్కిపడే పిల్లని మాత్రం "బంగారుతల్లి, అల్లరే లేదు" అని మెచ్చుకుంటాం. నాకు ఎక్కువ టెన్షన్ ఆ పిల్ల గురించే.

దెబ్బలు తిన్న తల్లులందరూ కొడతారని అనకండి, అది అన్యాయం. పిల్లల మీద చెయ్యెత్తని వాళ్లను ఎంతోమందిని చూశాను. వాళ్లలో చాలామందికి పుట్టిల్లో, పక్కింటి పిన్నో, ఎవరో ఒకరు అండగా ఉన్నారు.

అందుకే తల్లుల మీటింగ్‌లో, అత్తగారి ఎదుట, "పిల్లల్ని కొట్టకూడదమ్మా" అని చెప్పి వచ్చేయకండి. ఒంటరిగా మాట్లాడండి. 2005 గృహహింస చట్టం కింద రక్షణ అధికారి ఉంటారని, హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రంలో తాత్కాలికంగా ఆశ్రయం దొరుకుతుందని చెప్పండి.

ఆ రోజు నేను ముందు అడగాల్సింది పిల్లాడి గురించి కాదు. మర్నాడు "రాత్రి నిద్రపోయావా అమ్మా?" అన్నాను. గంటసేపు నా దగ్గర్నుంచి కదల్లేదు ఆ తల్లి. ఆమె ఫోన్ భర్త రోజూ చూస్తాడట. మహిళా హెల్ప్‌లైన్ 181కి నా ఫోన్ నుంచే చేసింది.